గూటిలో గోపమ్మ

ఆండాళు ఆ ఇంటికి కోడలుగా వచ్చిననాడు అత్త కొమురమ్మ ఆమె చేత కుడికాలు గడప లోపల పెట్టించి, చెయ్యి పట్టుకుని నేరుగా దేవుని అర్రలోకి నడిపించింది. అర్రకు కిటికీ లేదు. గోడలో గూడు, గూట్లో నూనె దీపం. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక నరసింహస్వామి పటం, మల్లన్న పటం కనిపించాయి. పటాల ముందు పసుపు పూసిన చిన్న పీట మీద అరచేతిలో సగమంత వెండి బిళ్ళలు రెండు గోడకు ఆనించి నిలబెట్టి ఉన్నాయి. రెండూ ఒకే కొలత.

"కుడిదిక్కున్నది ఎల్లమ్మ" అన్నది కొమురమ్మ. "ఎడమదిక్కున్నది గోపమ్మ. నీకు అక్క. ముందుగాల ఆమెకు మొక్కు."

గోపమ్మ, ఆండాళు భర్త వీరయ్యకు మొదటి భార్య. కొడుకు లక్ష్మణ్‌ను కని, పురుడు తీరకముందే కన్ను మూసింది. పసుపు కుంకుమలతో పోయిన మనిషి కనుక ఆ ఇంటి పద్ధతిలో ఆమెను దేవతల్లో కలుపుకున్నారు. సూర్యాపేటలో అవుసలాయన దగ్గర వెండిబిళ్ళ మీద ఆమె రూపు కొట్టించి తెచ్చి, ఎల్లమ్మ పక్కన కూర్చోబెట్టారు. అమ్మవారి బిళ్ళకన్నా ఒక పిసరు చిన్నదిగా చేద్దామని అవుసలాయన అంటే కొమురమ్మ ఒప్పుకోలేదట. "నా కోడలు ఏం తక్కువ మనిషి? అమ్మవారికి ఎంత వెండి పెడ్తవో దీనికీ అంతే పెట్టు" అని అక్కడే కూర్చుని చేయించుకుని వచ్చిందట. ఒకే చేతి పని కావడంతో ఇద్దరికీ అవే కళ్ళు, అదే ముక్కు. ఎల్లమ్మ తల మీద పాము పడగ ఉంది, గోపమ్మ తల మీద కొంగు ఉంది. అంతే తేడా.

చివ్వెంల దాటినాక మెయిన్ రోడ్డును ఆనుకుని ఉన్న ఊరు వాళ్ళది. ఆండాళు పుట్టిల్లు కోదాడకు అవతల, ఆంధ్రా గాలి తగిలే చోట. మాటకు ముందు "అండీ", మాటకు వెనుక "అండీ". కొమురమ్మకు అది వింటే నవ్వాగేది కాదు. "ఉంటుందండి, గింటుందండి మా ఇంట్ల నడవదే పిల్లా. గోపమ్మకు సమజ్ కావాలె గదా నువ్వేమంటున్నవో. ఉంటది అను" అనేది. ఆండాళు సిగ్గుపడుతూ "ఉంటది" అనేది. సంవత్సరం తిరిగేసరికి పుట్టింటివాళ్ళే ఆమె మాటకు నవ్వడం మొదలుపెట్టారు.

ఆ ఇంట్లో ఏ వస్తువైనా గోపమ్మను దాటి రాకూడదు. కొత్త చీర తెస్తే ముందు గూటి ముందు పెట్టాలి, తరువాత ఆండాళు కట్టుకోవాలి. కొత్త వడ్ల అన్నమూ అంతే, తొలి మామిడిపండూ అంతే. పాకే పిల్లవాడు లక్ష్మణ్‌కు మాటలు వచ్చేటప్పుడు కొమురమ్మ వాణ్ణి ఎత్తుకుని గూటి ముందు నిలబడి, బిళ్ళను చూపించి "అమ్మ" అని నేర్పింది. ఆండాళును చూపించి "చిన్నమ్మ" అని నేర్పింది. వాడు అలాగే పలికాడు. ముక్కు తుడిచేది చిన్నమ్మ, అన్నం తినిపించేది చిన్నమ్మ, జ్వరం వస్తే తెల్లవార్లూ ఒళ్ళో వేసుకునేది చిన్నమ్మ. దండం పెట్టేది మాత్రం అమ్మకు.

మొదట్లో ఆండాళుకు గుండెలో బరువుగా ఉండేది. గొడవ పడదామన్నా గూట్లో ఉన్న మనిషి బదులు చెప్పదు. తరువాత ఆమె కడుపున పడ్డ ఒక్క బిడ్డా సూర్యాపేట దవాఖానలో నిలవకుండా పోయింది. మళ్ళీ కడుపు పండలేదు. ఆ దవాఖాన నుంచి వచ్చిన దినాల్లో వీరయ్య ఏం మాట్లాడాలో తెలియక పొద్దంతా పొలం కాడే ఉండిపోయేవాడు. కొమురమ్మే ఒకనాడు వేడి నీళ్ళతో కోడలి కాళ్ళు తుడిచి, దేవుని అర్ర తలుపు తీసి, "నాకు చెప్తే నేనేం జేస్తనే? గామెకు చెప్పు. బిడ్డను ఇడిసి పోయిన తల్లి, ఆమెకు తెలుస్తది" అన్నది. ఆండాళు లోపలికి పోయి కూర్చుంది. ఎంతసేపు కూర్చున్నదో ఎవరూ అడగలేదు. ఆనాటి నుంచి ఆండాళుకూ గోపమ్మకూ కలిసింది.

పండుగ వస్తుందంటే ఆండాళు బిళ్ళలను పీట మీద నుంచి దించి, నానబెట్టిన చింతపండు, జల్లెడ పట్టిన బూడిద తెచ్చుకుని ముందేసుకునేది. తోముతూ మాట్లాడేది. లక్ష్మణ్ బడిలో కొట్లాడి వచ్చాడనీ, బర్రె ఈనిందనీ, మీ ఆయన చుట్ట మానమంటే వినడం లేదనీ చెప్పేది. ఎల్లమ్మకు తప్పు తోచకుండా "నువ్వు గూడ ఇను తల్లీ" అని మధ్యమధ్యన ఆమెను కూడా పలకరించేది. వెండి తళతళలాడేదాకా వదిలేది కాదు. కొమురమ్మ వచ్చి దీపం దగ్గర పెట్టి చూసి, "ఇంకొక్క చెయ్యి పట్టు" అనేది. ఆండాళు ఇంకొక్క చెయ్యి పట్టేది.

అలా పట్టీ పట్టీ బిళ్ళల మీద ముందు కళ్ళు పోయాయి. తరువాత ముక్కు నున్నబడింది. పడగా కొంగూ ఎప్పుడు చదునయ్యాయో తెలియదు. తోమిన వెంటనే పసుపు పూసి, కళ్ళ చోట, నొసటి చోట కుంకుమ బొట్లు పెట్టేవాళ్ళు కనుక ఎవరి కంటికీ లోటు కనిపించలేదు. ఎల్లమ్మ కుడివైపు, గోపమ్మ ఎడమవైపు. ఒక్కొక్క బిళ్ళనే దించి, తోమి, దాని చోట దాన్ని పెట్టి, తరువాతే రెండోది అందుకోవడం ఆండాళుకు అలవాటు. చేతులు చోటును చూసుకునేవి. మొహాలతో పని పడలేదు.

లక్ష్మణ్ పెండ్లిలో తల్లి కూర్చోవలసిన పీట మీద ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చింది. కొమురమ్మ అప్పటికి ముడతలు పడి, నడుము వంగి ఉంది. ఆండాళును పీట మీద కూర్చోబెట్టి, గోపమ్మ బిళ్ళను ఆమె ఒళ్ళో పెట్టింది. "ఇద్దరూ కూసోండ్రి" అన్నది. ఆండాళు ఆ పెండ్లి జరిగినంతసేపూ కొంగు కింద బిళ్ళను రెండు చేతులతో పట్టుకునే ఉంది. తలంబ్రాలు పడినప్పుడు కొన్ని ఒడిలో పడేటట్టు కొంగు కాస్త తెరిచింది.

కొమురమ్మ పోయింది. కొన్నేళ్ళకు వీరయ్య పోయాడు. లక్ష్మణ్ మిర్యాలగూడలో రైసుమిల్లులో సూపర్‌వైజర్‌గా కుదిరి, చాలాకాలం బండి మీద పోయి వచ్చాడు. భార్య సంతోషి తుంగతుర్తి పిల్ల, నెమ్మదైన మనిషి, అత్త మోకాళ్ళకు పొద్దున్నే నూనె కాచి పెడుతుంది. వాళ్ళ కూతురు నిఖిత సూర్యాపేటలో డిగ్రీ చదువుతోంది. ఇంతలో రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చినవాళ్ళు దేవుని అర్ర గోడ మీదనే ఎర్రరంగుతో గీత కొట్టి పోయారు. లక్ష్మణ్ మిర్యాలగూడలో ఇల్లు కట్టాడు. గృహప్రవేశం అయింది. ఇక సామాను తరలించి, ఆఖరున ఇంటి దేవుళ్ళను తీసుకుపోవాలి.

అప్పుడు వచ్చింది ఆ మాట.

లక్ష్మణ్ అన్నం ముందు కూర్చుని కలుపుతున్నాడే కాని తినడం లేదు. సంతోషి అతని వైపు చూసి, అతను తలెత్తకపోయేసరికి తనే మొదలుపెట్టింది.

"అత్తమ్మా, కొత్తింట్ల పూజగదిని సూసి సిద్ధాంతి ఒక మాట చెప్పిండు. దేవుళ్ళ పక్కన సచ్చిపోయినోళ్ళను పెట్టొద్దంట."

"మనం ఎన్నడు పెట్టినం? మీ మామ ఫోటో బయట అర్రల్నే ఉన్నది గదా" అన్నది ఆండాళు.

సంతోషి మళ్ళీ లక్ష్మణ్ వైపు చూసింది.

"సచ్చిపోయినోళ్ళంటే ఎవరే?" అని ఆమె మళ్ళీ అడిగింది. నిజంగానే ఆమెకు తట్టలేదు.

"మా అమ్మ, చిన్నమ్మా" అన్నాడు లక్ష్మణ్.

ఆండాళు చేతిలోని గంటె గిన్నెలో పెట్టింది. "ఆమె దేవతలల్ల కలిసింది గదా నాయనా. మీ నాయనమ్మ కలిపింది."

"మనకు కలిసింది. శాస్త్రం ఒప్పదంట. వాడపల్లిల నీళ్ళల్ల కలుపుదామన్నడు. మూసీ కృష్ణల కలిసే జాగ, ఉత్త జాగ కాదు. మర్యాదగనే సాగనంపుదాం."

"నిన్ను కన్నదిరా."

"నన్ను కనే సచ్చింది." అతని గొంతు కొంచెం తగ్గింది. "గా సిద్ధాంతి ఇంకోటి గూడ అన్నడు. కాన్పుల పోయినామెను గూట్ల పెట్టి మొక్కితే ఇంటి ఆడపిల్ల మీదికి అదే గండం వస్తదంట. రేపు నిఖితకు పెండ్లి జెయ్యాలె. ఓ కాన్పు గావాలె. నేను నమ్ముతున్ననా అంటే నాకే తెల్వదు చిన్నమ్మా. కాని ఒకపారి చెవుల పడ్డంక ఎట్ల తీసేసుకోను?"

నిఖిత పేరు వచ్చాక ఆండాళు మంచినీళ్ళ చెంబు అతని ముందుకు జరిపి, లేచి దేవుని అర్రలోకి పోయింది. ఆనాడు గోపమ్మతో ఏమీ మాట్లాడలేకపోయింది. మాట్లాడితే ఈ సంగతి చెప్పాలి. చెప్పకుండా వేరే మాటలు మాట్లాడితే అబద్ధమాడినట్టు అవుతుంది.

నిఖిత కాలేజీ నుంచి వచ్చి, నాయనమ్మ చీకట్లో కూర్చుని ఉండడం చూసి పక్కన చతికిలబడింది. నవ్విద్దామనుకుందో ఏమో, "నాయనమ్మా, నీ గూటిని ఇంగ్లీషుల ఏమంటరో తెలుసా? మా సార్ చెప్పిండు. పాంథియన్" అన్నది.

"ఏం పేరే అది. జెరానికేసే గోలీ లెక్కున్నది."

"దేవుళ్ళందరూ ఒక్కకాడుండే గుడి. యెనకట రోమ్ అనే ఊర్ల కట్టిన్రంట. యెనక ఇంకో దేశపోళ్ళు గసొంటిదే కట్టి, దేవుళ్ళకు బదులు దేశంల గొప్పోళ్ళను సచ్చినంక అండ్ల బొంద పెట్టిన్రంట. ఇప్పుడైతే పేపరోళ్ళు దేనికైనా వాడుతరు. క్రికెటోళ్ళు, పాటలు పాడెటోళ్ళు, లీడర్లు. ఎవలన్న బాగ పెద్దగైతే ఇగ ఆ వరుసల కలిసిండు అని రాస్తరు."

"ఎవరు కలుపుతరే?"

"సర్కారు కలుపుతది. జనం కలుపుతరు."

"మన తీరుగనే." ఆండాళు కాస్త తేరుకుంది. "అండ్ల కలవాల్నంటే ఏం జెయ్యాలె?"

"ఏదన్న పెద్ద పని జెయ్యాలె."

"మరి గోపమ్మ జేసింది గదా. మీ నాయనను కన్నది. కన్నంక ఉండి పాలు గూడ ఇయ్యలేకపాయె." గూటి వైపు చూసి, "ఒకపారి కలిపినంక మల్ల తీసేస్తరా?" అని అడిగింది.

నిఖిత ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఆ పిల్లకు రాదు. "ఒకరిద్దరిని తీసేసిన్రంట నాయనమ్మా. జమానా మారితే, గీయన గొప్పోడు కాదని."

"తీసి యాడ పెట్టిన్రంట?"

"సార్ గది చెప్పలే" అన్నది నిఖిత. ముసలామె చేతిని తన ఒళ్ళోకి తీసుకుని వేళ్ళు వత్తుతూ కూర్చుంది. తన పేరు మీదే ఈ పంచాయితీ నడుస్తోందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆండాళు కూడా చెప్పలేదు.

సామాను డీసీయం వ్యానులో ఎక్కించే ముందురోజు, ఆండాళు పక్క తండాలోని శాంతాబాయికి చెప్పిరావడానికి పోయింది. ఎన్నో ఏళ్ళు ఇద్దరూ ఒకే మడిలో నాట్లు వేశారు. శాంతాబాయి ఏడవలేదు. గబగబా రెండు జొన్నరొట్టెలు చేసి, వెల్లుల్లి కారం పెట్టి, గుడ్డలో కట్టి ఇచ్చింది. "ఆడ అన్నీ కొనుక్కోవాలె అక్కా. రేపటికన్న ఉంటయి, తీస్కపో" అన్నది. ఆండాళు ఆ వెచ్చటి మూట పట్టుకుని ఇంటికి వచ్చేసరికి సంతోషి వాకిట్లో ఎదురొచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి. మొహంలో సంతోషం ఉంది.

"అత్తమ్మా, నువ్వు వంగలేవని దేవుని సామానంత నేనే కడిగిన. గిన్నెల సబ్బు పెట్టి కడిగిన, సూడు ఎట్ల మెరుస్తున్నదో."

అరుగు మీద తువ్వాల పరిచి ఉంది. దాని మీద గంట, హారతి పళ్ళెం, దీపపు కుందులు, రెండు వెండిబిళ్ళలు ఆరుతున్నాయి. బిళ్ళల మీద పసుపు లేదు, కుంకుమ లేదు. సాయంకాలపు ఎండలో రెండూ రెండు చిన్న అద్దాల లాగా ఉన్నాయి.

ఆండాళు రొట్టెల మూటను కింద పెట్టింది. ఒక బిళ్ళ తీసి చూసింది. దాన్ని పెట్టి రెండోది తీసింది. కొంగుతో తుడిచి వెలుగుకు పట్టింది. కళ్ళు మూసుకుని వేలితో తడిమింది. సంతోషి మొహం మెల్లగా వాడిపోయింది.

"ఏది ఏదో తెలుస్తలేదా అత్తమ్మా?"

తెలియడం లేదన్నట్టు ఆండాళు తలూపింది.

లక్ష్మణ్ వచ్చి చూశాడు. "గట్లెట్ల తెల్వదు చిన్నమ్మా? ఇన్నేండ్లు నువ్వే తోముతివి గదా."

"తోమితిని గనకనే తెల్వదు బిడ్డా" అన్నది ఆండాళు.

ఆ మాట అన్నాక ఆమెకు తన వేళ్ళ మీద తనకే అసహ్యం వేసింది. మంచి చేస్తున్నానని గోపమ్మ కళ్ళూ ముక్కూ చింతపండుతో కడిగేసింది. అందరికన్నా ఎక్కువ మాట్లాడింది ఆమెతోనే. పది మంది ముందు ఆమె ఎవరో చెప్పమంటే చెప్పలేకపోతోంది. సంతోషి లోపల వంటింట్లో కూర్చుని ఏడుస్తుంటే ఆండాళే పోయి ఊరడించింది. "నువ్వు ఒక్కపారి కడిగినవు. నేను ఇన్నేండ్లు కడిగిన. నీ తప్పు ఎంతుంటదే పిచ్చిదానా" అని, శాంతాబాయి ఇచ్చిన రొట్టె తుంచి తినిపించింది.

తెల్లవారి సామాను బండి మిర్యాలగూడకు పోయింది. నిఖిత కాలేజీకి పోయింది, మిగతా ముగ్గురూ కారులో బయలుదేరారు. పటాలు సంతోషి ఒళ్ళో ఉన్నాయి. బిళ్ళలు రెండూ ఆండాళు కొంగు ముడిలో ఉన్నాయి. లక్ష్మణ్ సూర్యాపేటలో ఆపి, బజారులోని అవుసలి కొట్టుకు తీసుకుపోయాడు. బిళ్ళలు కొట్టిన పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన కొడుకు గోపాల్ అద్దం కంటికి పెట్టుకుని రెండు బిళ్ళలనూ చాలాసేపు తిప్పి చూశాడు.

"రెండూ మా నాయన చెయ్యే. అంచు సూడంగనే చెప్తున్న. కని మొకాలు లేవు గదనే. దీంట్ల ఏదో గీత ఉన్నట్టున్నది. పడగనో కొంగో తెలుస్తలేదు."

"జర మంచిగ సూడు అన్నా" అన్నాడు లక్ష్మణ్.

"సూసి చెప్పొచ్చు తమ్మీ. తప్పు చెప్తే ఆ పాపం నా పిల్లలకు తాకుతది. రెండూ కరిగిద్దాం, కొత్త ఎల్లమ్మను జేసిస్త."

ఆండాళు గాభరాగా చెయ్యి చాపి బిళ్ళలు తీసుకుంది. "నిప్పుల పెట్టుడు వద్దు నాయనా" అన్నది. గోపాల్ బాధపడి, ఆమెకు మంచినీళ్ళు ఇచ్చి, చూసినందుకు ఏమీ వద్దన్నాడు.

కారులో లక్ష్మణ్ అద్దంలోంచి వెనక్కి చూస్తూ అన్నాడు. "చిన్నమ్మా, ఏదో ఒకటి తీసి ఇది ఎల్లమ్మ అను. నువ్వు అన్నదే ఎల్లమ్మ. మేమెవ్వరం అడగం."

"నా నోటితోని అంటే అయిపోతదారా?"

"మా నాయనమ్మ నోటితోని అంటే మా అమ్మ దేవతైంది గదా."

అందులో ఎంతో కొంత నిజం ఉంది. ఆండాళు కిటికీలోంచి బయటికి చూసింది. రోడ్డు పక్కన పొలాలు కోతకు వచ్చి ఉన్నాయి. కొమురమ్మ ఒక మనిషిని దేవతను చేసింది. ఆమెకు ఆ ధైర్యం ఉంది, అంత దుఃఖమూ ఉంది. ఇప్పుడు తాను వేలు చూపిస్తే ఒకరు గూట్లో ఉంటారు, ఒకరు నీళ్ళలోకి పోతారు. ఎల్లమ్మను నీళ్ళలో వేసి, గోపమ్మను ఎల్లమ్మ అని కొలిచినా కొలుస్తారు. అలాగైతే గోపమ్మ ఇంట్లోనే ఉంటుంది. ఆ ఆశ ఆమెకు ఒక్క క్షణం తీపిగా తగిలింది. మరుక్షణం భయం వేసింది. ఎవరి పేరుతోనో పిలిస్తే ఆమె పలుకుతుందా? తన పేరు పోయి, పరాయి పేరు మీద బోనం తినడం ఒక ఉండడమేనా?

"నాతోని కాదు నాయనా" అన్నది. గుంత వచ్చినప్పుడల్లా లక్ష్మణ్ ఆమె మోకాళ్ళకు కుదుపు తగలకుండా కారు నెమ్మది చేసి పోనిచ్చాడు.

మిర్యాలగూడ దాటి, దామరచర్ల దాటి, సిమెంటు లారీల దుమ్ములో వాడపల్లి చేరారు. గుడి వెనుక నుంచి మెట్లు దిగితే నీళ్ళు. మూసీ ఒక రంగులో వచ్చి కృష్ణలో కలుస్తోంది. కలిసిన కొంతదూరం దాకా రెండూ వేరువేరుగానే కనిపిస్తాయి. మెట్లు పాచి పట్టి ఉన్నాయి. వల ఆరేసుకుంటున్న ఒకాయన చూసి, ఏమీ అడగకుండా వచ్చి ఆండాళుకు మోచెయ్యి ఆసరా ఇచ్చి, ఆఖరి మెట్టు దాకా దింపి పోయాడు.

ఆండాళు కొంగు ముడి విప్పింది. పసుపు కలిపి రెండింటికీ పూసింది. కళ్ళ చోట, నొసటి చోట కుంకుమ పెట్టింది. మళ్ళీ ఇద్దరికీ మొహాలు వచ్చాయి. అది చూసి సంతోషి ఆగలేకపోయింది.

"తిరిగి తీస్కపోదాం అత్తమ్మా. నీ అర్రల బీరువున్నది గదా, రెండిటినీ అండ్ల పెట్టుకో. పొద్దున్నే తీసి మొక్కుకో, మల్ల లోపల పెట్టు. సిద్ధాంతికి ఎవలు చెప్తరు?" మొగుడి వైపు తిరిగి, "నువ్వు సూడనట్టుండు" అన్నది.

లక్ష్మణ్ నీళ్ళ వైపు చూశాడు. వద్దని అనలేదు. అతను కూడా అదే కోరుకుంటున్నాడని ఆండాళుకు అర్థమైంది. ఇప్పుడు తాను ఊ అంటే చాలు. అందరూ గమ్మున కారెక్కి ఇంటికి పోతారు.

ఆ బీరువా ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. చీరల మడతలు, నాఫ్తలీను ఉండలు, మందుల డబ్బా. చుట్టాలు వస్తే తలుపు వెయ్యాలి. అడిగితే ఏమీ లేదని చెప్పాలి.

"నీ మనసు సల్లగుండ, సంతోషీ" అన్నది చివరికి. "కని దాసిపెట్టి మొక్కితే ఆమెను దొంగను జేసినట్టయితది. ఇంటికి పెద్దగ కూసున్న మనిషి. అందరి ముంగట దండం పెట్టిచ్చుకున్నది. ఉంటే గట్ల ఉండాలె, లేదా గంగమ్మల కలవాలె. బీరువల వద్దు."

"మరి ఎల్లమ్మ?" అన్నాడు లక్ష్మణ్.

"ఎల్లమ్మ గూడ పోతది." ఆండాళు రెండు బిళ్ళలనూ ఒక్కచోట చేర్చి అరచేతుల్లో పెట్టుకుంది. "లచ్చన్నా, నీ చేతులు గూడ పెట్టు. నేనొక్కదాన్ని పంపితే పరాయిది పంపినట్టుంటది."

అతను ప్యాంటు తడుస్తున్నా మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె చేతుల కింద తన చేతులు పెట్టాడు. ఆండాళు దేవుని అర్రలో మాట్లాడినట్టే, మామూలు గొంతుతో చెప్పింది. "ఎల్లమ్మ తల్లీ, తప్పు మాది. నీ మొకం, ఆమె మొకం నా చేతులతోనే చెరిపిన. కోపం జెయ్యకు. గోపమ్మకు తొవ్వ తెల్వదు. ఆమె ఎన్నడూ గడప దాటి పోయిన మనిషి కాదు. జర తోడు పో."

చేతులు నీళ్ళలోకి దిగాయి. పసుపు ముందు వదిలింది, తరువాత కుంకుమ వదిలింది. లక్ష్మణ్ "పోయిరా అమ్మా" అన్నాడు. ఇద్దరిలో ఎవరితో అన్నాడో అతనికీ తెలియదు. చేతులు పైకి వచ్చేసరికి ఖాళీగా ఉన్నాయి.

తిరుగు దారిలో సంతోషి పటాలను గుండెకు ఆనించుకుని కూర్చుంది. ఆండాళు కొంగు తడిసి ఉంది. దామరచర్ల దగ్గర రైలు గేటు పడి కారు ఆగినప్పుడు లక్ష్మణ్ వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"చిన్నమ్మా, అమ్మ ఎట్లుండేది?"

ఇన్నేళ్ళలో అతను ఆ ప్రశ్న అడగడం ఇదే మొదలు. ఎప్పుడూ గూట్లో కనిపిస్తున్న మనిషిని గురించి అడగవలసిన పని పడలేదు. ఆండాళు దగ్గర చెప్పడానికి ఏముంది? ఆమె గోపమ్మను చూడలేదు. ఆ కాలంలో ఫోటో తీయించలేదు. చూసినవాళ్ళు కొమురమ్మ, వీరయ్య. ఇద్దరూ పోయారు.

"నేను సూడలేదు బిడ్డా" అన్నది. అన్నాక, గూడ్సు బండి పోతున్నంతసేపూ వెతుక్కుంది. "మీ నాయన ఒక్కపారి చెప్పిండు. నవ్వొస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేదంట. కని ఆగకపోయేదంట. భుజాలు ఊగుతుండేవంట."

గేటు లేచింది. వెనుక లారీవాడు హారన్ కొట్టాడు. లక్ష్మణ్ బండి కదిలించి కొంతదూరం పోయాక, "ఇంకేమన్న చెప్పిండా?" అన్నాడు.

"అంతే చెప్పిండు."

"ఇంకోపారి చెప్పు."

ఆండాళు అవే మాటలు మళ్ళీ చెప్పింది. కొంగు అడ్డం పెట్టుకునేదని, భుజాలు ఊగేవని. రెండోసారి చెప్పేటప్పటికి అవి ఇంకా తక్కువగా వినిపించాయి. రోడ్డుకు రెండు పక్కలా రైసుమిల్లుల గొట్టాల నుంచి పొగ లేస్తోంది. మిర్యాలగూడ వచ్చేసింది.